ఉప్పెన స్మృతి, సునామీ సన్నద్ధత: ఆంధ్రతీర హెచ్చరికల చరిత్ర (1864-2024)

వ్యాససంగ్రహం

ఆంధ్రతీరానికి ఉప్పెన తరతరాల అనుభవం. సునామీ మాత్రం 2004 డిసెంబరు 26 వరకు ఈ తీరప్రజల జ్ఞాపకంలో లేదు. 1881లోనే బంగాళాఖాతం చుట్టూ ఉన్న పోటుమాపకాలు ఒక సునామీని నమోదు చేసినా, ఆ కొలత ప్రజల తెలివిడిగా మారలేదు. అందువల్ల 2004 తరువాత ఇక్కడ రూపొందిన సునామీ సన్నద్ధత తుఫాను సన్నద్ధత పునాది మీదనే నిలిచింది. ఆ పునాది ఇచ్చిన బలమేమిటి, దానితోపాటు వచ్చిన పరిమితులేమిటి అన్న ప్రశ్నలను ఈ వ్యాసం చారిత్రకదృష్టితో పరిశీలిస్తుంది. హెచ్చరిక ఎవరిని ఉద్దేశించింది, ఎవరి దాకా చేరింది అన్నదే ఈ పరిశీలనకు ప్రధానసూత్రం.

కీలకపదాలు: ఉప్పెన, సునామీ, బంగాళాఖాతం, దివిసీమ, పోటుమాపకం, ముందస్తు హెచ్చరిక, ఇన్‌కాయిస్, మత్స్యకార సమాజాలు, విపత్తుస్మృతి.

1. ఉపోద్ఘాతం

విపత్తుల చరిత్రను మృతుల సంఖ్యలతో, గాలివేగాలతో, అలల ఎత్తులతో రాయడం పరిపాటి. ఆ వివరాలు అవసరమే అయినా, ఒకే తీవ్రత గల ప్రమాదం ఒకచోట వేలమందిని బలిగొని మరొకచోట పదిమందిని కూడా తాకకుండా ఎందుకు పోయిందో అవి చెప్పలేవు. ఆ తేడాకు కారణం తెలియాలంటే ప్రమాదానికీ ప్రజలకూ మధ్య నడిచిన సమాచారం చరిత్రను చూడాలి. ప్రమాదం వస్తోందని మొదట ఎవరికి తెలిసింది? వారు ఎవరికి చెప్పారు? విన్నవారు నమ్మారా? నమ్మినవారికి వెళ్ళడానికి చోటుందా?

ఈ ప్రశ్నలకు ఆంధ్రతీరం మంచి అధ్యయనక్షేత్రం. సుమారు వెయ్యి కిలోమీటర్ల ఈ తీరంలో కృష్ణా గోదావరి డెల్టాల పల్లపునేలలు, ఉత్తరాంధ్రలో సముద్రానికి ఆనుకొని నిలిచిన కొండలు, నెల్లూరు ప్రాంతపు ఇసుకమేటలు ఉన్నాయి. వాడబలిజలు, జాలారులు, పల్లివారు, పట్టపువారు, అగ్నికులక్షత్రియులు మొదలైన మత్స్యకార సమాజాలు ఇక్కడ తరతరాలుగా సముద్రం మీద ఆధారపడి జీవిస్తున్నాయి. పోటు, పాటు, గాలి, మేఘం, నీటిరంగు అన్నిటినీ చదవగల అనుభవజ్ఞానం వారి సొంతం. అంతటి జ్ఞానంలోనూ సునామీకి చోటు లేకపోవడానికి చారిత్రక కారణాలున్నాయి. వాటిని గుర్తించకుండా సన్నద్ధత గురించి మాట్లాడితే, ఇతర దేశాల పాఠాలను ఇక్కడి తీరానికి యథాతథంగా అతికించే ప్రమాదముంది.

2. ఓడరేవులకే పరిమితమైన హెచ్చరిక (1864-1881)

గోదావరి ముఖద్వారంలోని కోరంగి రేవు 1789 డిసెంబరులోనూ, 1839 నవంబరులోనూ ఉప్పెనల పాలైంది. 1789 నాటి గాలివానలో మూడు పెద్ద అలలు ఒకదాని వెనుక ఒకటి వచ్చినట్లు ఆనాటి వృత్తాంతాలు చెబుతున్నాయి. కలకత్తాలో పనిచేసిన హెన్రీ పిడింగ్టన్ బంగాళాఖాతపు తుఫానుల వృత్తాంతాలను సేకరించి పరిశీలించి, 1848లో 'సైక్లోన్' అనే పదాన్ని ప్రవేశపెట్టాడు. ఆయన గ్రంథం నావికులను ఉద్దేశించినది. తుఫాను సుడిలో చిక్కిన ఓడ ఎటు తిరగాలన్నది అందులోని ముఖ్యప్రశ్న. ఒడ్డున ఉన్న ఊరు ఎటు పోవాలన్న ప్రశ్న ఆనాటి తుఫాను శాస్త్రానికి ఇంకా దూరంగానే ఉంది.

1864లో రెండు తుఫానులు ఒక నెల లోపే బంగాళాఖాత తీరాన్ని దెబ్బతీశాయి. అక్టోబరు 5న కలకత్తా, నవంబరు 1న మచిలీపట్నం మునిగాయి. మచిలీపట్నం ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించినట్లు అంచనా. గార్డన్ మెకంజీ 1883లో ప్రచురించిన కృష్ణాజిల్లా మాన్యువల్‌లో ఈ ఉప్పెన వృత్తాంతం ఉంది. డచ్చివారి కాలం నుంచి పేరున్న ఆ రేవుపట్టణం ఆ దెబ్బ నుంచి పూర్తిగా కోలుకోలేదు.

ఈ రెండు విపత్తుల తరువాత వచ్చిన సంస్థాగత మార్పు గమనించదగినది. 1865లో కలకత్తా రేవుకు తుఫాను హెచ్చరికల ఏర్పాటు జరిగింది. 1875లో భారత వాతావరణశాఖ ఏర్పడింది. ఆ తరువాతి సంవత్సరాల్లో తూర్పుతీరపు ఇతర రేవులకూ సంకేతాల పద్ధతి విస్తరించింది. రేవులోని స్తంభం మీద ఎగురవేసే సంకేతాన్ని చూసి నావికులు లంగరు ఎత్తాలో దించాలో నిర్ణయించుకొనేవారు. ఓడకు, సరుకుకు, వాణిజ్యానికి రక్షణ కల్పించడమే ఆ పద్ధతి లక్ష్యం. రేవుకు నాలుగైదు మైళ్ళ దూరంలోని ఉప్పుటేరు పక్కన గుడిసెల్లో ఉన్నవారికి ఆ స్తంభం కనిపించదు. కనిపించినా దాని భాష తెలియదు. ఆధునిక హెచ్చరికావ్యవస్థ ఈ తీరంలో పుట్టినప్పుడు దాని శ్రోతల్లో గ్రామం లేదు.

3. కొలత మిగిలింది, స్మృతి మిగలలేదు (1881, 1941)

ఇదే కాలంలో భారత సర్వేశాఖ అధికారి ఎ.డబ్ల్యు. బెయర్డ్ ఆధ్వర్యంలో దేశపు రేవుల్లో స్వయంచాలిత పోటుమాపకాల స్థాపన సాగింది. ఓడల రాకపోకలకు పోటుపాటుల పట్టికలు తయారుచేయడం, భూమి ఎత్తులను కొలవడానికి సగటు సముద్రమట్టాన్ని నిర్ణయించడం వాటి ప్రయోజనాలు. 1881 డిసెంబరు 31న కార్ నికోబార్ సమీపంలో పెద్ద భూకంపం సంభవించినప్పుడు ఆ పోటుమాపకాలు తమకు అప్పగించని పనిని కూడా చేశాయి. మద్రాసు, నాగపట్నం, విశాఖపట్నం, పోర్ట్ బ్లెయిర్ సహా బంగాళాఖాతం చుట్టూ ఉన్న ఎనిమిది కేంద్రాల కాగితాల మీద మామూలు పోటుపాటుల గీతపై చిన్నచిన్న అలల గీతలు పడ్డాయి. సర్వేశాఖకు చెందిన ఎం.డబ్ల్యు. రోజర్స్, భూగర్భ సర్వేశాఖకు చెందిన ఆర్.డి. ఓల్డ్‌హమ్ ఆ భూకంపాన్ని గురించి సమకాలంలోనే రాశారు. రెండేళ్ళ తరువాత, 1883 ఆగస్టు 27న క్రకటోవా అగ్నిపర్వతం పేలినప్పుడు పుట్టిన అలలు కూడా భారతీయ పోటుమాపకాల మీద నమోదయ్యాయి.

1881 నాటి అల ఎత్తు పోటుమాపకాల వద్ద మీటరుకు మించలేదు. ఊళ్ళు మునగలేదు. మునగని ఊరికి ఆ అలను గుర్తుంచుకోవలసిన అవసరం రాలేదు. కాబట్టి ఆ సంఘటన శాస్త్రీయ నివేదికల్లో నిలిచి, తీరస్మృతిలో నిలవలేదు. 2003లో ఓర్టిజ్, బిల్హమ్ అనే శాస్త్రవేత్తలు ఆ పాత గీతలను తిరిగి విశ్లేషించి భూకంప తీవ్రతను సుమారు 7.9గా లెక్కగట్టారు. అండమాన్-నికోబార్ ప్రాంతపు భూకంపాలు బంగాళాఖాతమంతటా అలలు పుట్టించగలవన్న సాక్ష్యం 2004 విపత్తుకు ముందే పరిశోధనపత్రికల్లో ఉందని దీనివల్ల స్పష్టమవుతుంది. జ్ఞానం ఉండటం, అది అవసరమైనవారి చేతికి అందటం వేర్వేరు సంగతులని చెప్పడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ దొరకదు.

1941 జూన్ 26 నాటి అండమాన్ భూకంపం విషయంలో సమస్య మరో రకమైనది. ఆ భూకంపం పుట్టించిన సునామీ వల్ల భారత తూర్పుతీరంలో 5,000 మంది దాకా మరణించారన్న సంఖ్య అనేక విపత్తు జాబితాల్లో కనిపిస్తుంది. ఆ సంఖ్యకు గట్టి సమకాలీన ఆధారం లేదనీ, తుఫాను ఉప్పెన వల్ల జరిగిన నష్టాన్ని సునామీ ఖాతాలో చేర్చి ఉండవచ్చుననీ తరువాతి పరిశోధకులు అభిప్రాయపడ్డారు. ఈ గందరగోళం భాషలోనూ ప్రతిబింబిస్తుంది. సముద్రం పొంగి భూమి మీదికి రావడాన్ని తెలుగులో 'ఉప్పెన' అంటాం. ఆ పొంగుకు గాలి కారణమా, భూకంపం కారణమా అన్న విచక్షణ ఆ పదంలో లేదు. 'సునామీ' అనే జపనీయ పదం తెలుగు ఇళ్ళలో వాడుకమాట అయింది 2004 డిసెంబరు చివరి వారంలోనే. పేరు లేని ప్రమాదానికి జాగ్రత్త ఏర్పడటం కష్టం.

4. దివిసీమ నేర్పిన పాఠం (1977-1990)

1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన ఆంధ్రతీరపు ఆధునిక స్మృతికి కేంద్రం. అవనిగడ్డ, కోడూరు, నాగాయలంక ప్రాంతాల గ్రామాలను సుమారు ఐదు మీటర్ల ఎత్తున వచ్చిన నీరు ముంచెత్తింది. అధికారిక లెక్కల్లోనే మృతుల సంఖ్య పదివేలకు చేరువలో ఉంది. ఆకాశవాణిలో తుఫాను హెచ్చరికలు వెలువడినా, రేడియోలు కొద్ది ఇళ్ళలోనే ఉన్న ఆనాటి పల్లెల్లో ఆ మాట గడపగడపకూ చేరలేదు. చేరిన చోట కూడా, తలదాచుకోవడానికి ఎత్తైన పక్కా కట్టడాలు అరుదు.

దివిసీమ తరువాత ప్రభుత్వం, స్వచ్ఛందసంస్థలు తీరంలో తుఫాను రక్షణకేంద్రాలను నిర్మించాయి. 1980లలో ఇన్‌శాట్ ఉపగ్రహం ద్వారా వాతావరణశాఖ హెచ్చరికలను తీరప్రాంత కార్యాలయాలకు నేరుగా పంపే ఏర్పాటు మొదలైంది. జిల్లా యంత్రాంగం, రెవెన్యూ సిబ్బంది, పోలీసులు కలిసి గ్రామాలను ఖాళీ చేయించే పద్ధతి రూపొందింది. 1990 మే 9న మచిలీపట్నానికి దక్షిణంగా అతి తీవ్రమైన తుఫాను తీరం దాటినప్పుడు లక్షన్నరకు పైగా జనాన్ని ముందుగానే తరలించారు. మృతులు వెయ్యికి లోపే. 1977తో పోలిస్తే ఇది హెచ్చరిక సాధించిన ఫలితం.

ఈ దశలో శ్రోత మారాడు. రేవు స్థానంలో ప్రభుత్వ కార్యాలయం, కార్యాలయం వెనుక గ్రామం వచ్చాయి. దానితోపాటు కొన్ని అలవాట్లు స్థిరపడ్డాయి. ఆకాశం మూసుకుంటుంది, రేడియో రెండు మూడు రోజుల ముందే చెబుతుంది, వేటకు వెళ్ళినవారిని వెనక్కి రమ్మంటారు, అధికారి వచ్చి బయలుదేరమంటాడు, తుఫాను 'తీరం దాటింది' అన్న వార్త విన్నాక ఇంటికి తిరిగి వెళ్ళవచ్చు. వేలాది ప్రాణాలను కాపాడిన ఈ అలవాట్లన్నీ గాలి పుట్టించే ఉప్పెనకు తగినవి.

5. రెండున్నర గంటలు (2004 డిసెంబరు 26)

2004 డిసెంబరు 26 ఆదివారం, పౌర్ణమి. భారత కాలమానం ప్రకారం ఉదయం 6 గంటల 29 నిమిషాలకు సుమత్రా పశ్చిమతీరంలో 9.1 తీవ్రతతో భూకంపం సంభవించింది. సముద్రగర్భంలో చీలిక సుమారు 1,200 కిలోమీటర్లకు పైగా ఉత్తరంగా అండమాన్ దీవుల దాకా సాగింది. మూడువేల మీటర్ల లోతున్న నీటిలో సునామీ గంటకు సుమారు 600 కిలోమీటర్ల వేగంతో ప్రయాణిస్తుంది. ఆ లెక్కన భారత ప్రధానభూభాగపు తూర్పుతీరానికి అల చేరడానికి రెండు నుంచి రెండున్నర గంటలు పట్టింది.

ఆ వ్యవధిలో సమాచారం లేకపోలేదు. హవాయిలోని పసిఫిక్ సునామీ హెచ్చరికాకేంద్రం భూకంపాన్ని నిమిషాల్లోనే గుర్తించింది. కాని దాని వ్యవస్థ పసిఫిక్ తీరదేశాల కోసం ఏర్పడినది, హిందూమహాసముద్రానికి అటువంటిది లేదు. కార్ నికోబార్ వైమానికస్థావరం నుంచి ఉదయం 8 గంటల లోపే ప్రమాదవార్త ప్రధానభూభాగానికి అందినట్లు నాటి పత్రికలు రాశాయి. నికోబార్‌లో నీరు పొంగిందంటే తూర్పుతీరానికీ పొంగుతుందన్న అనుమితి చేయగల వ్యవస్థ ఆనాడు లేదు. తీరంలో ఆకాశం నిర్మలంగా ఉంది. అధికారిక లెక్కల ప్రకారం దేశంలో పదివేలకు పైగా మరణించారు. గల్లంతైనవారు ఐదువేలకు పైగా. నాగపట్నం జిల్లాలోనే ఆరువేలకు పైగా మృతులు. ఆంధ్రప్రదేశ్‌లో వందకు పైగా మరణించారు; వారిలో పౌర్ణమి సముద్రస్నానానికి వచ్చినవారు కూడా ఉన్నారని వార్తలు తెలిపాయి.

ఆ ఉదయమే పుదుచ్చేరి సమీపంలోని నల్లవాడు అనే మత్స్యకారగ్రామంలో మరొకటి జరిగింది. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనాసంస్థ ఆ ఊళ్ళో నెలకొల్పిన గ్రామ సమాచారకేంద్రానికి ఒక మైకు, లౌడ్‌స్పీకర్లు ఉన్నాయి. సముద్రపు స్థితిగతులు మొదలైన వివరాలను ఊరికి వినిపించడం దాని నిత్యకృత్యం. సింగపూర్‌లో పనిచేస్తున్న ఆ ఊరి యువకుడు ఒకరు టెలివిజన్‌లో వార్త చూసి ఇంటికి ఫోన్ చేశాడు. ఊరివారు కేంద్రం తెరిచి మైకులో హెచ్చరించారు. మూడున్నర వేలకు పైగా జనాభా గల ఆ ఊరు ప్రాణనష్టం లేకుండా బయటపడింది. అక్కడ పనిచేసింది ఊరివారు రోజూ విని నమ్మిన ఒక గొంతు.

6. స్మృతికీ వ్యవధికీ గల సంబంధం

2004 తరువాత సన్నద్ధతా సాహిత్యంలో తరచుగా వినిపించే ఉదాహరణ ఇండోనేషియాకు చెందిన సిములు దీవి. 1907లో ఆ దీవిని సునామీ ధ్వంసం చేసింది. దానిని అక్కడివారు 'స్మోంగ్' అన్నారు. భూమి గట్టిగా కంపించి, సముద్రం వెనక్కి పోతే కొండెక్కాలన్న సందేశం కథలుగా, జోలపాటలుగా తరాలు దాటింది. 2004లో అల పది నిమిషాల్లోపే ఆ దీవిని తాకింది. సుమారు 78,000 జనాభాలో మృతులు ఏడుగురు.

జపాన్‌లోని సాన్‌రికు తీరం మరొక ఉదాహరణ. 1896 జూన్ 15న సుమారు 22,000 మంది, 1933 మార్చి 3న సుమారు 3,000 మంది అక్కడ సునామీలకు బలయ్యారు. ఇంతకన్నా దిగువన ఇళ్ళు కట్టవద్దని చెప్పే శిలను అనెయోషి గ్రామస్థులు నిలిపారు. 2011 మార్చి 11 నాటి అల ఆ శిలకు దిగువనే ఆగింది. అదే తీరంలోని తారో పట్టణం పది మీటర్ల గోడను నమ్ముకొంది. 2011 అల ఆ గోడ మీదుగా వచ్చింది.

ఈ ఉదాహరణలను ఆంధ్రతీరానికి అన్వయించేటప్పుడు ఒక లెక్కను మరువరాదు. సాన్‌రికులో 1896కూ 1933కూ మధ్య 37 ఏళ్ళు. సిములులో 1907కూ 2004కూ మధ్య 97 ఏళ్ళు. అవ్వ మనవరాలికి చెప్పగల దూరాలివి. 2004 స్థాయి సునామీ బంగాళాఖాతం-అండమాన్ సముద్రప్రాంతంలో అంతకుముందు ఎప్పుడు వచ్చింది? థాయిలాండ్‌లోని ఫ్రా థాంగ్ దీవి ఇసుకపొరలను పరిశీలించి 2008లో ప్రచురించిన అధ్యయనం, ఆ ముందరి అల సుమారు 550 నుంచి 700 ఏళ్ళ కిందటిదని తేల్చింది. ఇరవైకి పైగా తరాల అంతరమిది. తీరాలు మారి, వలసలు జరిగి, రేవులు పుట్టి గిట్టిన ఆ కాలాన్ని దాటి ఒక హెచ్చరిక మౌఖికంగా నిలుస్తుందని ఆశించలేము. ఆంధ్ర మత్స్యకారులకు సునామీ తెలియకపోవడం వారి సంప్రదాయజ్ఞానపు లోపం కాదు. ఆ జ్ఞానం ఏర్పడటానికి కావలసిన పునరావృత్తి ఇక్కడ లేదు.

రెండవ తేడా ప్రకృతి సూచనలకు సంబంధించినది. సిములు భూకంపకేంద్రానికి అతి సమీపం. అక్కడ భూకంపమే హెచ్చరిక. వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న ఆంధ్రతీరంలో ఆ కంపనం స్వల్పంగానే తెలుస్తుంది. పైగా 2004లో చీలికకు పడమటి దిక్కున ఉన్న భారతతీరాన్ని మొదట తాకింది అల శిఖరమే. థాయిలాండ్ వైపున సముద్రం మొదట వెనక్కి తగ్గింది. విశాఖపట్నం, చెన్నై పోటుమాపకాల మీద నీరు మొదట పెరిగినట్లే నమోదైంది. సముద్రం వెనక్కి తగ్గడం ఇక్కడ అలకూ అలకూ నడుమ జరిగింది. 'సముద్రం వెనక్కి పోతే పరుగెత్తండి' అన్న సూత్రం నిజమే కాని, ఈ తీరంలో అదొక్కటే నేర్పితే ప్రజలు రాని సూచన కోసం నిరీక్షించే ప్రమాదం ఉంది. సమీపతీరానికి ప్రకృతి సూచన ముఖ్యం. దూరతీరానికి మానవ హెచ్చరిక ముఖ్యం. ఆంధ్రతీరానికి ఉన్న ఆస్తి ఆ రెండు గంటల పైచిలుకు వ్యవధే.

7. ఉప్పెన అలవాట్ల పునఃపరిశీలన

సొంత సునామీస్మృతి లేని తీరం తనకున్న తుఫానుస్మృతినే ఆధారం చేసుకోవాలి. అయితే ఆ స్మృతి ఇచ్చిన అలవాట్లలో కొన్నింటిని సవరించుకోవలసి ఉంటుంది.

మొదటిది వ్యవధి. తుఫాను రోజుల గడువిస్తుంది, సునామీ గంటల గడువే ఇస్తుంది. అధికారి స్వయంగా ఊరికి వచ్చి చెప్పేదాకా ఆగే అలవాటు ఇక్కడ చెల్లదు. రెండవది ఆకాశం. నిర్మలాకాశం కింద, గాలి లేని ఉదయాన కూడా సముద్రం ఊరి మీదికి రాగలదని నమ్మడం తుఫాను ఎరిగినవారికే మరింత కష్టం. మూడవది వేటకు వెళ్ళిన పడవలు. తుఫాను వస్తే ఒడ్డుకు చేరాలి. సునామీ వస్తే లోతునీటిలో ఉన్న పడవ అక్కడే ఉండటం, ఇంకా లోతుకు పోవడం క్షేమం. 2004లో జేసన్-1 ఉపగ్రహం నడిసముద్రంలో కొలిచిన అల ఎత్తు సుమారు 60 సెంటీమీటర్లే; ఒడ్డున ప్రళయమైనది లోతులో పడవకు తెలియనైనా తెలియదు. ఒకే గొంతు రెండు విపత్తుల్లో రెండు విరుద్ధమైన ఆదేశాలివ్వవలసిన చోటు ఇది. ఇక్కడ పొరపడితే పడవతోపాటు ప్రాణాలూ పోతాయి.

నాలుగవది ముగింపు. 'తీరం దాటింది' అన్న మాట తుఫానుకు ముగింపు. సునామీకి అటువంటి ముగింపు లేదు. మొదటి అల పెద్దది కానక్కరలేదు. అలలు గంటల తరబడి వస్తూనే ఉండవచ్చు. ఇక్కడ తుఫానుస్మృతిలోనే ఒక సాదృశ్యం దొరుకుతుంది. తుఫాను కన్ను ఊరి మీదుగా వెళ్ళేటప్పుడు గాలి ఆగిపోవడం, అది చూసి బయటికి వచ్చినవారిని ఎదురుగాలి దెబ్బతీయడం డెల్టా పెద్దలకు తెలిసిన సంగతి. అలల నడుమ నెమ్మదిని ఆ కన్నుతో పోల్చి చెబితే వినేవారికి వెంటనే అర్థమవుతుంది. ఐదవది ఆశ్రయం. విశాఖ పరిసరాల్లో కొండ దగ్గరే ఉంటుంది. దివిసీమలోనూ కోనసీమలోనూ ఎత్తు అంటే మేడే. అక్కడ తుఫాను రక్షణకేంద్రపు పై అంతస్తు సునామీకి కూడా ఆశ్రయం కాగలదు. దాని తాళం ఎవరి దగ్గర ఉంది, దారి ఎంత వెడల్పు, వృద్ధులను ఎవరు మోస్తారు అన్నవి ముందే తేలి ఉండాలి.

8. హైదరాబాదు నుంచి గ్రామం దాకా

2005 డిసెంబరులో విపత్తు నిర్వహణ చట్టం వచ్చింది. 2007 అక్టోబరు 15న హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థలో భారత సునామీ ముందస్తు హెచ్చరికాకేంద్రం ప్రారంభమైంది. భూకంప నమోదుకేంద్రాలు, సముద్రగర్భ పీడనమాపకాలు, పోటుమాపకాల సమాచారంతో భూకంపం వచ్చిన పది నిమిషాల్లో మొదటి ప్రకటన వెలువరించడం దాని లక్ష్యం. 2011 అక్టోబరు నుంచి ఆస్ట్రేలియా, ఇండోనేషియా కేంద్రాలతోపాటు హిందూమహాసముద్ర దేశాలన్నిటికీ సేవలందిస్తోంది. బెయర్డ్ కాలంలో రేవుల కోసం పెట్టిన పోటుమాపకం ఈ వ్యవస్థలో ప్రజల కోసం పనిచేసే సాధనమైంది.

2012 ఏప్రిల్ 11న సుమత్రా సమీపంలో 8.6 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు ఈ కేంద్రానికి పెద్ద పరీక్ష ఎదురైంది. చీలిక అడ్డంగా జారినది కావడంతో పెద్ద సునామీ పుట్టలేదు. అయినా తూర్పుతీరంలో పలుచోట్ల జనం భయంతో ఇళ్ళు విడిచారు. హెచ్చరికాస్థాయిల భాష ఇక్కడ కీలకం. రెండు మీటర్లకు మించిన అల రాగలదంటే ఊరు ఖాళీ చేయాలి. అర మీటరు నుంచి రెండు మీటర్ల దాకా అయితే ఒడ్డును విడిచి దూరంగా ఉంటే చాలు. తుఫాను వార్తల్లో 'అప్రమత్తం', 'హెచ్చరిక' అన్న మాటలను పర్యాయాలుగా వినే చెవికి ఈ తేడా పట్టుబడాలంటే అభ్యాసం కావాలి. అనవసరంగా పరుగెత్తిన ఊరు మరుసటిసారి కదలకపోవచ్చు.

వ్యవస్థలోని చివరి అంచెను గ్రామమే పూరించాలన్న గుర్తింపు యునెస్కో అంతర ప్రభుత్వ సముద్రశాస్త్ర సంఘం చేపట్టిన 'సునామీ రెడీ' కార్యక్రమంలో కనిపిస్తుంది. ప్రమాదపటం, తరలింపు మార్గాల ఫలకాలు, ఇరవైనాలుగు గంటలూ హెచ్చరిక అందుకునే ఏర్పాటు, సాధన కసరత్తులు వంటివి అందులో సూచికలు. 2020 ఆగస్టులో హిందూమహాసముద్ర ప్రాంతంలో మొదటగా ఈ గుర్తింపు పొందినవి ఒడిశాలోని రెండు గ్రామాలు: గంజాం జిల్లా వెంకటరాయిపూర్, జగత్‌సింగ్‌పూర్ జిల్లా నోళియాసాహి. 2024 నవంబరులో ఇండోనేషియాలోని బందా అచేలో జరిగిన సదస్సులో ఒడిశాకే చెందిన 24 తీరగ్రామాలకు ఈ గుర్తింపు దక్కింది.

తెలుగు పరిశోధకులకు ఇందులో రెండు అంశాలు ముఖ్యం. 'నోళియా' అన్నది ఒడిశాతీరంలో తెలుగు మూలాలున్న మత్స్యకారులకు తరతరాలుగా వాడుకలో ఉన్న పేరు. అంటే బంగాళాఖాతపు ఈ అంచున తెలుగు మత్స్యకార సంస్కృతి రాష్ట్రపు హద్దులతో ఆగదు. రెండవది, జగత్‌సింగ్‌పూర్ 1999 అక్టోబరు 29 నాటి పెనుతుఫానులో అత్యధికంగా నష్టపోయిన జిల్లా. గంజాం 2013 అక్టోబరు నాటి ఫైలిన్ తుఫాను తాకిన జిల్లా. సునామీకి మొదట సిద్ధమైన గ్రామాలు తుఫానును లోతుగా ఎరిగిన జిల్లాల్లోనే ఉండటం, తుఫానుస్మృతి సునామీ సన్నద్ధతకు వాహకం కాగలదన్న ఈ వ్యాస ప్రతిపాదనకు బలమిస్తుంది.

ఇన్‌కాయిస్ చేసే మరొక పనిని కూడా ఇక్కడ గుర్తుచేయాలి. చేపలు దొరికే అవకాశమున్న ప్రాంతాలను ఉపగ్రహాల ఆధారంగా గుర్తించి మత్స్యకారులకు తెలుగు సహా పలు భాషల్లో ఆ సంస్థ సూచనలిస్తుంది. జీవనోపాధికి పనికివచ్చే ఈ సమాచారం, ప్రాణరక్షణకు పనికివచ్చే హెచ్చరిక ఒకే దారిలో వస్తే, ఆ దారి మీద నమ్మకం నిత్యవ్యవహారంలోనే పెరుగుతుంది. నల్లవాడు మైకు చెప్పే పాఠమూ అదే.

9. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

1. ఆంధ్రతీరంలో హెచ్చరిక మొదట ఓడను, తరువాత కార్యాలయాన్ని, చివరకు గ్రామాన్ని ఉద్దేశించింది. ఈ క్రమానికి నూటయాభై ఏళ్ళు పట్టింది. మూడవ అంచె ఇంకా పూర్తికాలేదు.

2. 1881లో సునామీని కొలిచిన తీరమే 2004లో దానిని ఎరుగని తీరంగా మిగిలింది. శాస్త్రీయ నమోదు తనంతట తాను ప్రజాజ్ఞానం కాలేదు.

3. వందల ఏళ్ళకొకసారి వచ్చే ప్రమాదానికి మౌఖికస్మృతి చాలదు. తరచుగా వచ్చే తుఫాను కసరత్తులో సునామీ పాఠాన్ని కలిపితేనే అది తరం దాటి నిలుస్తుంది. ఏటా తుఫాను కాలానికి ముందు జరిగే సమీక్షల్లో ఒక పూట సునామీకి కేటాయించడం అందుకు తగిన మార్గం.

4. సిములు, సాన్‌రికు పాఠాలు విలువైనవే అయినా దూరతీరమైన ఆంధ్రకు యథాతథంగా అన్వయించవు. ఇక్కడ భూమి గట్టిగా కంపించకపోవచ్చు, సముద్రం ముందుగా వెనక్కి తగ్గకపోవచ్చు. పాఠశాలల్లో, మత్స్యకార సహకారసంఘాల్లో చెప్పే పాఠం ఈ తీరపు భౌతికలక్షణాలకు అనుగుణంగా ఉండాలి.

5. సముద్రంలో ఉన్న పడవలకు తుఫానులో ఇచ్చే ఆదేశమూ సునామీలో ఇచ్చే ఆదేశమూ విరుద్ధమైనవి. ఈ తేడాను మత్స్యకారుల సొంత మాటల్లో స్థిరపరచడం భాషాశాస్త్ర, జానపద విజ్ఞాన పరిశోధకులు కూడా పాలుపంచుకోదగిన పని.

పోటుపాటుల పేర్లు, గాలుల పేర్లు, తుఫాను కథలు తీరపు పెద్దల నోట ఇంకా ఉన్నాయి. 1977ను పెద్దవారై చూసినవారికి ఇప్పుడు డెబ్బై దాటుతోంది. వారి అనుభవాలను సేకరించి, అందులో ఉప్పెనకు చెందినదేది, సునామీకి పనికివచ్చేదేది, సవరించవలసినదేది అని విడదీసి చూపే క్షేత్రపరిశోధన ఈ దశాబ్దంలోనే జరగాలి. మరో పదేళ్ళు గడిస్తే చెప్పేవారు ఉండరు. అప్పుడు దివిసీమ కూడా 1881 లాగా కాగితం మీద మిగిలిన కొలత అవుతుంది.